వెనక సీటుకు న్యాయం చేసిన సీటుగారు

1989వ సంవత్సరం జూన్ పన్నెండో తేదీ సోమవారం ఉదయం, ఇస్త్రీ చొక్కాతో, కొత్త చెప్పులతో మన మోటారు సైకిళ్ళ కర్మాగారంలో అడుగుపెట్టిన యువకుణ్ణి అప్పటి ఫోర్‌మన్ గారు ఎగాదిగా చూసి, "నీ పని కూర్చోవడం" అన్నారు. హాస్యమాడుతున్నారనుకుని నవ్విన ఆ యువకుడు, సీట్ల పరీక్షా విభాగంలో ముప్పై అయిదేళ్ళు కూర్చుని, ఈ నెలాఖరున సగౌరవంగా లేస్తున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీకే పరిమితమైపోగా, మనందరికీ ఆయన సీటుగారు.

ఆ ఉద్యోగాన్ని బంధువులకు వివరించడమే ఆయనకు మొదటి పరీక్ష. పెళ్ళైన కొత్తలో బావమరిది, "నిజం చెప్పు బావా, రోజంతా ఏం చేస్తావు?" అని నిలదీశారు.

"కూర్చుంటాను."

"కూర్చుంటే జీతమిస్తారా! మా ఆఫీసులో మెమో ఇస్తారు."

ఆయన చేరిన రోజుల్లో మనకున్నది చిన్న క్రూజర్ ఒక్కటే. సీటు కిందికి, హ్యాండిల్ వెడల్పుగా, కాళ్ళు ముందుకు చాపుకుంటే మనిషి అత్తవారింట్లో కొత్త అల్లుడిలా కనిపించే ఆ బండిని అందరూ చిన్నోడు అనేవారు. తరవాత ఇంజను పెరిగి నడిపోడు వచ్చాడు; వాడు జీతం పెరిగిన గుమాస్తాలా, చప్పుడు తక్కువ, దర్జా ఎక్కువ. ఆపైన పెద్దోడు వచ్చాడు. రోడ్డు మీద ఏనుగులా హుందాగా సాగే పెద్దోణ్ణి ఇంటి ముందు వెనక్కి తిప్పాలంటే మాత్రం పక్కింటివాళ్ళతో సఖ్యంగా ఉండాలి. ఈ ముగ్గురినీ రోజుల తరబడి నడిపి, సీటులో ఎక్కడ మెత్తదనం ఎక్కువైందో, ఎక్కడ కుట్టు ఒరుసుకుంటోందో చెప్పి, చివరికి "సరే" అనడం సీటుగారి బాధ్యత. ఆ మాట వినపడనిదే ఏ సీటూ కుట్టు విభాగం గడప దాటేది కాదు.

అటుపై సంసారి వచ్చాడు. ముందు గాలిని ఆపే పెద్ద అద్దం, ఇరుపక్కలా సామాను పెట్టెలు, ఇద్దరికి సరిపడే పొడవాటి సీటు ఉన్న ఈ టూరింగ్ బండిని చూడగానే సీటుగారికి కలలు మొదలయ్యాయి. "రిటైరయ్యాక దీనిమీదే నిన్ను ఊళ్ళన్నీ తిప్పుతాను" అని భార్యకు మాటిచ్చారు. ముందు సీటు మీద తాను కూర్చుని, వెనక సీటుకు అలవాటు ప్రకారం ఇసుక బస్తా కట్టి, వందల మైళ్ళు నడిపి, సరే అనేశారు.

సంసారి విడుదలకు ముందు ఉద్యోగులంతా కుటుంబాలతో విహారానికి వెళ్ళాలని కంపెనీ ఏర్పాటు చేసింది. సీటుగారు భార్యను సంసారి వెనక సీటు మీద ఎక్కించుకున్నారు. సగం దారిలో టీకొట్టు దగ్గర ఆగగానే ఆవిడ దిగి, బల్ల పట్టుకుని నిలబడ్డారు.

"ఏమండీ, దీనికి సరే అన్నదెవరు?"

"నేనే."

"వెనక కూర్చుని చూశారా?"

"వెనక ఇసుక బస్తా కూర్చుంది."

"దానికి నోరు లేదు కాబట్టి మీ ఉద్యోగం ఇన్నాళ్ళు నిలిచింది. రిటైరయ్యాక మీరూ ఆ బస్తా కలిసి వెళ్ళిరండి." ఆవిడ బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయారు.

దేవుడు కళ్ళన్నీ ముందుకే పెట్టాడు కదా, మరి వెనక కూర్చున్నవాళ్ళ మంచిచెడ్డలు ఎవరు చూడాలి అన్న సందేహం ఆయనకు తొలిసారి కలిగింది. మర్నాడు తోటి డ్రైవరును ముందు కూర్చోబెట్టి, తాను వెనక కూర్చుని అదే టీకొట్టు దాకా వెళ్ళారు. దిగాక ఆయనా బల్ల పట్టుకుని నిలబడ్డారు. కూర్చోమన్న కొట్టువాణ్ణి ఒక చూపు చూశారట.

తిన్నగా మేనేజరు గారి గదికి వెళ్ళి, "నా సరే వెనక్కి తీసుకుంటున్నానండీ" అన్నారు.

"పేపర్లో ప్రకటన ఇచ్చేశాం! మీకు కూర్చోవడమొక్కటేనయ్యా పని, అదీ..."

"సగమే కూర్చున్నానండీ. తప్పు నాదే."

విడుదల వాయిదా పడింది. ఆ ఏడు రావలసిన సూపర్‌వైజరు పదవి మరొకరికి పోయింది. సీటుగారు రెంటినీ తలవంచి స్వీకరించి, భార్యను బతిమాలి కర్మాగారానికి తీసుకొచ్చారు. కొత్తగా కుట్టిన ప్రతి సీటు మీదా కొంతదూరం వెళ్ళి, ఆవిడ "ఊహూఁ" అనేవారు. కుట్టు విభాగం పెద్దాయన తల పట్టుకున్నారు.

"అమ్మా, ఇక కోయడానికి స్పాంజి లేదు."

"అయితే ఊళ్ళు దగ్గరికి జరపండి అన్నయ్యా."

సీటు వెడల్పైంది, కాళ్ళు పెట్టుకునే కడ్డీలు ముందుకు జరిగాయి, వీపుకు ఆనుడు వచ్చింది. ఒకరోజు దారి పొడవునా ఆవిడ ఒక్క మాటా అనలేదు. కోపం ముదిరిందని హడలిపోయి, సీటుగారు బండి ఆపి వెనక్కి తిరిగారు. ఆవిడ ఆనుడుకు చేరగిలబడి హాయిగా నిద్రపోతున్నారు! ఆయన ఆనందించాలో భయపడాలో తెలియక, లేపి దింపి, తిరిగొచ్చి మన కర్మాగారం ఎన్నడూ వినని సిఫారసు చేశారు: "సుఖం కాస్త తగ్గించండి. మనిషి పడిపోతుంది." ఆనుడు నిటారు చేశాకే సంసారి రోడ్డెక్కాడు. ఆనాటి నుంచి ఏ బండి వెనక సీటైనా ఇంకో మనిషి కూర్చుని ఒప్పుకుంటే గానీ ఆయన నోట సరే అన్న మాట రాలేదు.

వచ్చే సోమవారం ఆ దంపతులు సంసారి మీద బయలుదేరుతున్నారు. ముందుగా ఏ ఊరు వెళ్తారని అడిగితే సీటుగారు జవాబు చెప్పకుండా ఆవిడ వైపు చూశారు. ఆవిడ, "ఇంకా అనుకోలేదు. ఎక్కాక చెబుతాను" అన్నారు. భగవంతుడు వారిరువురికీ నిండు ఆయుష్షునూ, చెక్కుచెదరని ఆరోగ్యాన్నీ, నొప్పెరుగని నడుములనూ ప్రసాదించుగాక. ఆవిడ ఆపమన్న చోటల్లా ఆ బండి ఆగుగాక!