పాలు తాగినంక దిష్టి

పాలు తాగించి పడుకోబెడితే చాలు, పసివాడు కక్కడు గానీ వెన్ను విరుచుకుని ఏడుస్తాడు. కోడలు వాడిని భుజాన నిలువుగా ఎత్తుకుంది. అత్త మళ్లీ ఎండుమిరపకాయలు తిప్పసాగింది.

“సూసినవా, దిష్టి తీయంగనే సల్లబడ్డడు.”

“ఇంకింతసేపు తిప్పు అత్తమ్మా.”

“చెయ్యి గుంజుతాంది. ఎనుమాముల మార్కెట్ల మిరపకాయలన్నీ వీని దిష్టికే సాలెటట్టు లెవ్వు. ఇగ పండవెట్టు.”

“పండవెడితే ఏడుస్తడు.”

“ఊకె ఎత్తుకుంటే సంక మరుగుతడని చెప్పిన గద.”

“అందుకే తిప్పమంటాన. తాగిన పాలు గొంతులకు ఎగదన్ని మండుతయట. అరగంట నిలువుగ ఎత్తుకోమని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది.”

అత్త చెయ్యి ఆగిపోయింది.

“అంటే ఇన్నొద్దుల సంది నాతోని ఉత్తగనే తిప్పిస్తానవా, దొంగదానా?”

“నువ్వు తిప్పినంతసేపే గద నన్ను ఎత్తుకోనిచ్చింది.”

“పోరన్ని ఇటియ్యి. మిరపకాయలు నువ్వు పట్టు.”

“ఇంకెందుకత్తమ్మా?”

“వద్దన్నదాన్ని నేనే ఎత్తుకుంటే మీ మామ నవ్వడా? జర ఆపకుండ తిప్పు.”