చెవులపిల్లిని పట్టుడు

"అమ్మమ్మా, మా అపార్ట్‌మెంట్ ఎనక ఖాళీ జాగల ఒక తెల్ల కుందేలు తిరుగుతుంది. ఎవరో పెంచుకొని వదిలేసినట్టున్నరు. ఆదివారం మా ఫ్రెండ్స్ అందరం చుట్టు నిలబడి పట్టేద్దామనుకుంటున్నం. నువ్వు ఒకసారి పట్టినవంట కదా, అమ్మ చెప్పింది. ఎట్ల పట్టినవ్?"

ఆగు. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి, మంచిదే, నీ దోస్తులకు సుత ఇనిపియ్యి. చుట్టు నిలవడి పడ్తరంట. ఎంతమంది? ఆరుగురా? ఆరుగురు మనుషులు, ఒక్క చెవులపిల్లి. దిమాక్ ఉన్నదానే మీకు? పొద్దంత కంప్యూటర్ల ముంగట కూసుంటరు, అండ్ల లేని సంగతి లేదంటరు, గింత జీవిని ఆరుగురు తరిమితె దాని గుండె పగిలి సస్తదన్న సంగతి మాత్రం అండ్ల సూడరు. తిడుతున్ననని మొకం గట్ల పెట్టకు. నిన్ను ఒక్కదాన్నే గాదు నేను తిట్టేది. ఇను, నీకే తెలుస్తది.

నువ్వు కుందేలంటవ్, మేం చెవులపిల్లి అనేటోళ్ళం. మీ అమ్మ నీకు ఒక్కదాని సంగతే చెప్పింది గదా. నేను పట్టింది రెండు. రెండోదాని ముచ్చట అందరికి తెల్సు. మొదటిదాని ముచ్చట మన ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. ఇయ్యాల నీకు చెప్త, ఎందుకంటె ఆదివారం నువ్వు బరాబర్ నేను చేసిన పనే చేసెటట్టు ఉన్నవ్.

నాలుగేండ్లయింది. గాదు, మీ తాత పోయిన రెండో ఏడు గదా, అంటె మూడేండ్లే. మన టెంట్ హౌజ్ నీకు యాదికున్నదో లేదో, రెజిమెంటల్ బజార్‌ల, కింద గోడౌను, మీద పోర్షను. చిన్నగున్నప్పుడు నువ్వు కుర్చీల దొంతి ఎక్కి కిందవడ్డవ్, గదే ఇల్లు. తాత పోయినంక నేను, మల్లేష్ నడిపిస్తుంటిమి. మల్లేష్ అంటె మన దగ్గర ముప్పై ఏండ్ల సంది టెంట్లు కట్టినోడు. గప్పట్ల పెండ్లికి టెంటు, గ్యాసు లైట్లు, వంట గిన్నెలు, అన్ని కలిపి నూట యాభైల అయిపోయేది. ఇప్పుడు ఒక్క పువ్వులకే లచ్చలు వెడ్తున్నరు. సరే, అది ఇడువు.

ఆ మీది పోర్షన్ల ఒక కుటుంబం కిరాయికి ఉండె. మొగుడు, పెండ్లాం, ఏడెనిమిదేండ్ల బిడ్డ, హాసిని అని. బిడ్డ పుట్టిన్రోజుకని ఆ మనిషి రెండు చెవులపిల్లుల్ని కొనుక్కొచ్చిండు. ఒకటి తెల్లది, ఒకటి మట్టి రంగుది. ఆర్నెల్లు మస్తు ముద్దు చేసిన్రు, ఫోటోలు దిగిన్రు. అటెనుక వాసనొస్తుంది, వైర్లు కొరుకుతున్నయి, పరేషాన్ చేస్తున్నయి అని షురూ చేసిన్రు. కొత్త ఫ్లాటుకు పోయెటప్పుడు సామాన్లన్ని ఎక్కించిన్రు, చీపిరి కట్ట సుత ఎక్కించిన్రు. చెవులపిల్లులేవి సార్ అని అడిగిన. "ఎనక జాగల ఇడిచిపెట్టినం ఆంటీ, మంచిగ గడ్డి ఉంది, ఫ్రీగ ఉంటయి" అన్నడు. ఫ్రీగ. ఇంట్ల పుట్టి ఇంట్ల పెరిగిన జీవి అది, కుక్కను జూస్తె ఉరకాలని సుత తెల్వది దానికి. వాని ఫ్రీల మన్నువడ.

ఆ ఎనక జాగ ఏందనుకున్నవ్. అటుదిక్కు రైలు గోడ, ఇటుదిక్కు తుమ్మ కంప, నడుమ ఎవ్వడో పారేసిన సిమెంటు పైపులు. ఐదు కుక్కలు ఆడనే పంటయి. మీదికెల్లి గద్దలు. ఆ పొద్దుమీకి గోడౌన్ కిటికీలకెల్లి సూసిన, రెండు పైపు పక్కపొంటి కూసోని గడ్డి కొరుకుతున్నయి, కుక్క ఒకటి ఇట్ల చెవులు నిక్కవొడిచి సూస్తుంది. నా పానం ఆగలే. మల్లేష్‌ను పిల్చిన, మాలు దించుడానికి వచ్చిన కూలోళ్ళు ముగ్గురుంటె వాళ్ళను సుత పిల్చిన. అగో, నీ దోస్తుల లెక్కనే.

పెండ్లి టెంటుకు పక్కలపొంటి కడ్తరు సూడు బట్టలు, ఖనాత్‌లు, ఆటిని గోడ లెక్క అడ్డం వట్టి తరుముకుంట వచ్చినం. మట్టి రంగుది కంపల దూరి పోయింది. తెల్లది పైపుకు, గోడకు నడుమ ఇరుక్కుంది. కడుపు ఎగెగిరి పడుతుంది దానికి. మల్లేష్ వంగవోతె నేనే ఆపిన. పక్కకు జరుగు, నీకు తెల్వది, నాకు తెల్సు అన్న.

నాకు తెల్సంట. ఏం తెల్సు నాకు? మా నాయిన ఊర్ల వలలు పన్నుతుండె. ఎండకాలం వచ్చిందంటె అడివి చెవులపిల్లిని తెచ్చేటోడు, రెండు చెవులు కలిపి ఒక్క పిడికిట్ల వట్టి. నేను వాకిట్ల నిలవడి సూసేదాన్ని. చెవులపిల్లిని పట్టుడంటె గట్లనే అని నా మనసుల గట్టిగ కూసున్నది. దేవుడు గంత పొడుగు చెవులిచ్చిందే పట్టుకొనుటానికి అనుకున్న. అరవై ఏండ్లు అట్లనే అనుకున్న.

చెవులు వట్టి లేపిన. అది ఎనక కాళ్ళతోని గాలిల ఒక తన్ను తన్నింది. మల్ల ఒకటి తన్నింది. ఆ రెండో తన్నుకు లోపల ఏదో పుటుక్కుమన్నది. నా చెవులకు ఇనవడలే బిడ్డా, నా చేతికి తెలిసింది. ఎనక కాళ్ళు రెండు తడిబట్ట లెక్క ఏలాడినయి. అది అరవలే, ఏం చెయ్యలే, ముంగటి కాళ్ళు మాత్రం ఆడించింది.

ఆటోల ఏస్కొని పశువుల డాక్టర్ కాడికి ఉరికినం. ఆయన ఏలు వెట్టి సూసిండు, నడుము ఇరిగింది అన్నడు. "దీని ఎనక కాళ్ళకున్న బలం నడుముకు లేదమ్మా, కింద ఆధారం లేకుంటె తన్నుకొని దాని నడుము అదే ఇరగ్గొట్టుకుంటది" అన్నడు. ఇంజెక్షన్ ఇద్దామని సీసా తీస్తుంటెనే అది పోయింది, నా కొంగులనే. గప్పుడు సమజైంది నాకు. మా నాయిన తెచ్చేటియి కూరకు తెచ్చేటియి. కూరకు పట్టేదాని నడుము ఇరిగితె ఎవ్వడు సూస్తడు? కూరకు పట్టుడు ఏరు, సాదుకొనుటానికి పట్టుడు ఏరు, ఆ ఫరక్ నేను ఎన్నడు సోంచాయించలే.

వారం దినాలు ఆ కిరాయికున్నోన్ని తిట్టిన. అన్నం తింట తిట్టిన, బోళ్ళు తోముకుంట తిట్టిన. వాన్ని తిట్టినంతసేపు నా చెయ్యి నాకు యాదికి రాకపోయేది. అసలు సంగతి గది. వాడు ఇడిచిపెట్టింది నిజమే, వాని తప్పు వానిదే, నేను మాఫ్ చెయ్య. కాని సంపింది వాడు గాదు.

ఇగ రెండోది. కంపల దూరింది గదా మట్టి రంగుది, అది మనిషి మొకం జూస్తె సాలు ఉరుకుడే. డాక్టర్ సాబే చెప్పిండు, దాన్ని మీరు పట్టకున్రి, అదే వచ్చెటట్టు చెయ్యున్రి అని. తెల్లారంగ ఒకసారి, పొద్దు గూకంగ ఒకసారి, రోజు ఒక్కటే జాగల ఒక్కటే టైముకు తిండి పెట్టిన. గరిక, కొత్తిమీర కాడలు, ముల్లంగాకు. మోండా మార్కెట్‌ల ఒకప్పుడు కూరగాయలు కొంటె కొత్తిమీర ఊకెనే సంచిల ఏసేటోళ్ళు, ఇప్పుడు కాడ కాడకు పైసలు. తిండి పెట్టి ఎనక్కు తిరిగి కూసునేదాన్ని, దాని దిక్కు సూడకుంట. సూస్తె అది పట్టవడినట్టే అనుకుంటది. దిన్నాం పెద్ద కట్టె ఒకటి ఒళ్ళె వెట్టుకొని కుక్కలను కావలి కాసిన. ఈ ముసలిదానికి పిచ్చిలేసింది అన్నరు గల్లీల. పక్కింటాయన గోడ మీదికెల్లి సూసి "కూర ఎప్పుడు?" అన్నడు. నీ నోట్ల మన్నువడ, పో లోపటికి అన్న. రెండు నెల్లు మాట్లాడలే వానితోని.

నాలుగో దినం నా పక్కకు వచ్చి తినుడు షురూ చేసింది. ఇగ చుట్టు నాలుగు బొంగులు పాతి ఖనాత్ కడ్దామని మల్లేష్‌ను పిల్చిన. వాడేం జేసిండు? ముప్పై ఏండ్ల అలవాటు గదా, మడత ఇప్పంగనే బట్టను రెండు చేతుల వట్టి ఫట్టుమని జాడించిండు. దుమ్ము పోవాలె, తేలు గీలు ఉంటె రాలాలె, టెంటు పనోళ్ళు ఎవ్వలైన అట్లనే చేస్తరు, నేను సుత చేస్త. బాంబు వడ్డట్టు ఉరికింది అది. రెండు దినాలు కనవడలే. పైపుల వెతికిన, కంపల వెతికిన, రైలు గోడ పొంటి వెతికిన. మల్లేష్‌ను తిట్టిన, మల్ల వాని మొకం జూసి ఊకున్న. వాడు అన్నం తినలే ఆ దినం. నాకు చెవులు వట్టే అలవాటు, వానికి బట్ట జాడించే అలవాటు. ఇద్దరం ఒక్కటే.

మూడో దినం తెల్లారంగ వచ్చింది, ఒక చెవి కొన చినిగి ఉండె. ఈపారి బట్టలు గోడౌన్లనే జాడించి, చప్పుడు లేకుంట తెచ్చి, ఒక దినం ఒక్క దిక్కు కట్టినం, ఇంకో దినం ఇంకో దిక్కు. బట్ట అంచుల మీద ఇటుకలు పెట్టినం, కిందికెల్లి దూరకుంట. మూడు దిక్కులు అయినంక తిండి లోపట పెట్టిన. అడ్డంగ ఒక అట్టడబ్బ పండవెట్టి అండ్ల కొత్తిమీర ఏసిన. అలవాటయ్యేదాక ముట్టలే. ఒకనాడు పొద్దు గూకంగ అది డబ్బల దూరి ఆరాంగ తింటుంది, మల్లేష్ నాలుగో దిక్కు బట్ట మెల్లగ దించిండు, నేను డబ్బ మూతి మీద నా పాత చీర కప్పిన. చీకటైతె సప్పుడు చెయ్యదు అది. ఎవ్వలు ఉరకలే, ఎవ్వలు ఒర్రలే. అది తిరిగొచ్చినంక తొమ్మిది దినాలు వట్టింది.

ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఎద కింద, ఒక చెయ్యి పిర్రల కింద, నీ కడుపుకు ఆనిచ్చుకోవాలె. ఎనక కాళ్ళు గాలిల ఉండద్దు. ఏదీ, ఆ దిండు తీస్కొని చూపియ్యి నాకు. అట్ల గాదు, కిందికెల్లి. ఆఁ, గట్ల.

అది ఇప్పుడు మల్లేష్ ఇంట్ల ఉన్నది, టెంట్ హౌజ్ బందువెట్టినంక తీస్కవోయిండు. కాని పట్టిన నెల దినాలకు ఒకటైంది, అది చెప్పాలె నీకు. ఆ కిరాయికున్నోడు ఏదో బ్యాంకు ఉత్తరం మా అడ్రసుకు వచ్చిందని బిడ్డను తీస్కొని వచ్చిండు. వాన్ని ఏమేం తిట్టాలెనో నోట్ల జమ చేసి పెట్టుకున్న నేను. పోరి గోడౌన్ల మట్టి రంగుదాన్ని జూసి ఉరికొచ్చి ముంగట కూసున్నది. "తెల్లది ఏది అమ్మమ్మా?" అన్నది. ఆ మనిషి పోరి ఎనకనుంచి నాకు సైగ చేస్తున్నడు. ఎవరో తోటల పెట్టుకున్నరని చెప్పున్రి అని. పోరికి ముందుగాలనే అట్ల చెప్పి పెట్టిండట.

ఆ మాట నేను అందుకుంటె అయిపోయేది. పోరి నవ్వుకుంట పోయేది, నన్ను ఎవ్వలు అడగకపోయేటోళ్ళు. వాని మీద నాకు మండింది, వాని కంటె నా మీద మండింది, ఎందుకంటె ఆ అబద్ధం నా నాలిక మీదికి వచ్చి నిలవడ్డది. మింగేసిన. "నా చేతులనే సచ్చిపోయింది బిడ్డా. చెవులు వట్టి లేపిన, నడుము ఇరిగింది" అన్న. ఆ మనిషి "ఏందండీ, చిన్నపిల్లకు ఇట్లనా చెప్పేది" అని ముంగటికి వచ్చిండు. పోరి ఏడ్వలే. నా చేతుల దిక్కు సూసింది.

"దానికి నొప్పి పుట్టిందా?" అన్నది.

డాక్టర్ నన్ను ఆ మాట అడగలే. మల్లేష్ అడగలే. నన్ను నేను సుత అడుక్కోలే. పుట్టింది బిడ్డా, మస్తు పుట్టింది అన్న. తండ్రి చెయ్యి పట్టి గుంజుకపోయిండు. వానికి జమ చేసిన తిట్లల్ల ఒక్కటి సుత బయటికి రాలే.

ఇగ లే. ఆదివారం దాక ఎందుకు, ఇయ్యాల పొద్దు గూకంగనే పో. ఐదుగురిని ఇంట్ల కూసోమను, నువ్వొక్కదానివే కొత్తిమీర తీస్కొని పో, పెట్టి ఎనక్కు తిరిగి కూసో. తొమ్మిది దినాలైతె తొమ్మిది, నెలైతె నెల. తెల్లారంగ సుత పెట్టాలె, ఆఫీసోళ్ళు ఆలస్యమైంది అంటె అననియ్యి. దగ్గరికి రా, నీ చేతులు ఇటియ్యి. సల్లగుండు బిడ్డా. నూరేండ్లు బతుకు. ఈ చేతులల్ల ఏ పానం పోవద్దు.