పొయ్యి చుట్టూ పరుగెత్తినవాడు

ఏమిటీ? మళ్లీ చెప్పండి పూజారిగారూ! బలిపీఠం మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలా? నా కొడుకు థెరోన్ మా ఆయనకు పుట్టలేదని, సముద్రదేవుడు పొసైడన్ నా పక్కలోకి వచ్చి వెళ్లాడని?

బాగుంది! వాడు పోయాడని కత్తిరించుకున్న జుట్టు ఇంకా పెరగనేలేదు నాకు.

ఆ తేనెరొట్టెలు అక్కడ పెట్టండి. తినను.

పొలాలు తొక్కి, మనుషుల్ని చీల్చిన అడవిపందిని వాడు చంపాడు. దాని దెబ్బకి వాడూ పోయాడు. వీరుడికి గుడి కడతామన్నారు, సరే. ఇప్పుడేమో కుమ్మరి కొడుక్కి గుడేమిటంటారా? పక్క ఊరికి ఇద్దరు దేవుడి కొడుకులున్నారు, మనకు ఒక్కడైనా లేకపోతే పరువు తక్కువా?

వాడి గొప్పలన్నీ దేవుళ్లకి పంచేసిన మీ పంపకం చూస్తే నవ్వొస్తోందండీ. బల్లేనికి గురి ఎథీనా ఇచ్చింది. గుండెకి ధైర్యం ఏరీస్ ఇచ్చాడు. కాళ్లకి వేగం హెర్మీస్‌ది. మరి మావాడిదేమిటి? తొడలో దిగిన కోర ఒక్కటేనా? దాన్ని మాత్రం నాదని ఏ దేవుడూ అనడేం?

మట్టిగుంటలో గట్టుకేసి బల్లెం విసిరి విసిరి వాడి భుజం వాచిపోయేది. నూనె రాసింది ఈ చేతులే. ఎథీనా ఏనాడైనా వచ్చి కాపడం పెట్టిందా?

అరె, లేస్తారేం? కూర్చోండి. ఫిలిన్నా గుర్తుందా?

గుర్తులేకేం! పెళ్లికాకుండానే కడుపొచ్చిన పిల్ల. పొసైడనే వచ్చాడని ఆ బలిపీఠం మీదే ఒట్టు వేసింది. అబద్ధాలకోరని ఊళ్లోంచి తరిమించింది మీరేగా? దాని తండ్రి పసిగుడ్డుని కుండలో పెట్టి కొండమీద వదిలేసి వస్తే, ఆచారమేలే అన్నారు.

అప్పుడు దేవుడి పేరెత్తితే తప్పు. ఇప్పుడు ఎత్తకపోతే తప్పు! ఆడదాని దగ్గరికి దేవుడు ఎప్పుడొచ్చాడో కూడా మీరే తేలుస్తారన్నమాట.

అయితే ఇదీ వినండి. ఆ రోజుల్లోనే నా బిడ్డ పుట్టి, కన్ను తెరవకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు. మట్టి కోసం కొండకెళ్లిన మా ఆయన మిక్కోస్, తను చేసిన కుండని తనే గుర్తుపట్టాడు. లోపల ఏడుపు. చంకన పెట్టుకుని తెచ్చాడు. మగపిల్లాడని గుమ్మానికి ఆలివ్ కొమ్మలు కట్టాం.

తండ్రి ఎత్తుకుని పొయ్యి చుట్టూ పరుగెడితేనే కదా మనలో బిడ్డ ఆ ఇంటివాడయ్యేది? మా ఆయనది కుంటికాలు. పరుగెత్తాడు, తూలాడు, గోడ పట్టుకుని మళ్లీ పరుగెత్తాడు. పిల్లాణ్ణి మాత్రం కింద పడనివ్వలేదు. పొసైడన్ ఎక్కడున్నాడండీ అప్పుడు?

అవును. థెరోన్‌ని కన్నది నేను కాదు. అలా తెల్లబోతారేం? మీకు దేవుడి కొడుకే కదా కావాల్సింది! ఫిలిన్నా రేవులో ఉంది, ఎవరింట్లోనో బార్లీ విసురుకుంటోంది. ఆమె ఒట్టు ఎప్పుడో వేసేసింది. వెళ్లి కాళ్లు పట్టుకోండి. అప్పటి అబద్ధం ఇప్పుడు నిజమెలా అయిందో ఆమెకే చెప్పుకోండి.

బయట చూడండి, కుండలు చేసే సారె ముందు ఊరికే కూర్చున్నాడు మా ఆయన. ఆ మనిషి కొడుకుని పంది తీసుకుపోయింది. మిగిలింది వాడి తండ్రన్న పేరొక్కటే, దాన్ని మీరు తీసుకుపోతారా?

ఒట్టంటూ వేస్తే నేను మిక్కోస్ పేరే చెప్తాను. గుడి కట్టకపోతే మానెయ్యండి.

ఆ రొట్టెలు కూడా పట్టుకెళ్లండి. మావాడి కష్టమంతా తిన్నా మీ దేవుళ్లకి ఇంకా ఆకలి తీరినట్టు లేదు.