అదే ఇంటి నంబరు

ఎల్లారెడ్డిలో ఇరవై ఏండ్లుగా విడాకుల అర్జీలు రాస్తున్న వకీలు గుమాస్తమ్మ, ఎదుట కూర్చున్న పిల్ల చెప్పిన ఇంటి నంబరు దగ్గర కలం ఆపింది.

"ఈ ఇంటి నుంచే ఇంతకుముందు ఇద్దరికి రాసిన బిడ్డా. ఇద్దరూ నీ మొగని పెండ్లాలే."

"నాకంటె ముందు ఒక్కతేనన్నరు అక్కా. ఆమె ఎటో లేచిపోయిందట."

"వాయిదా నాడు ఇద్దరూ రాలే. ఇంట్ల వాళ్ల సామాన్లు ఏమన్న ఉన్నయా?"

"అటుక మీద రెండు జతల ఆడోళ్ల చెప్పులున్నయి. ముట్టుకోనియ్యడు."

"నువ్వు ఈడికొచ్చినట్టు ఆయనకు ఎరుకనా?"

"ఆయనే నన్ను బండి మీద తోలుకొచ్చిండక్కా. బయటనే ఉన్నడు. 'ఆ గుమాస్తమ్మకు మనిల్లు ఎరుకే' అని నవ్విండు."

గుమాస్తమ్మ చప్పుడు కాకుండా లేచి తలుపు గడియ పెట్టింది. ఆ తర్వాతే పోలీసులకు ఫోన్ చేసింది.