మౌలా చిచ్చా ఖాకీ కొల్తలు

"బాపమ్మా, సందుగ పెట్టెల గీ కత్తిరిచ్చిన కాయితాలేంది? మ్యూజియమోళ్ళు పాతయి అడుగుతున్నరు, ఇద్దమా?"

ఇటు తే, చూస్త. నా అద్దాలేవి... ఆఁ, నెత్తి మీదనే ఉన్నయ్. ఇది మా నాయిన కొల్తల బుక్కే పిల్లా. మెదక్ బజార్ల మిషిని కుడుతుండె గద. ఎవలి నడుమెంత, ఎవలి మెడెంత, అంత గా బుక్కుల రాసుకునేటోడు. కాజాలు, గుండీల పని మౌలా చిచ్చాది. గదే, నీ దోస్తు షాహీన్ లేదూ, వాళ్ళ ముత్తాత.

రజాకార్ల జమాన్ల మా నాయిన ఖాకీలు కుట్టిండు. కుట్టక ఏం జేస్తడు? అసలే పిరికోడు, బల్లిని చూస్తె బల్ల ఎక్కుతుండె. చిచ్చాను సుత రజాకార్ల లైన్ల నిలవడుమన్నరు, లేకుంటె ఇల్లు కాలవెడ్తమన్నరు. ఆయినకు ఓ జత కుట్టిండు గని, లాగు లూజైంది. ఒక చేత కట్టె, ఒక చేత లాగు పట్టుకొని పరేడ్ చేస్తుండె. మా అమ్మ తలుపు సందుల నుంచి చూసి నవ్వుడే నవ్వుడు. చిచ్చా చేసిన యుద్ధం గంతే.

గంతల మిలట్రి ఒచ్చింది. పోలీస్ యాక్షన్. నాకప్పుడు ఎనిమిదేండ్లు... కాదు, ఏడే అనుకో. నిన్నటిదాంక నవాబుకు దండం పెట్టిన పటేలు, కాంగ్రెసోళ్ళ తెల్లటోపి పెట్టుకొని మా దుకానం ముంగట నిలవడ్డడు. గా టోపి కుట్టింది సుత మా నాయినే. "ఖాకీలు కుట్టిచ్చుకున్నోళ్ళ పేర్లు గావాలె. అన్నం తిని ఒస్త, బుక్కు తీసిపెట్టు" అన్నడు. గా దినాలల్ల పేరు చెప్పుడంటె మనిషిని సంపుడే. చిచ్చా మా ఇంట్ల జొన్నల గుమ్మి ఎన్క కూసున్నడు.

పటేలు తిని ఒచ్చెటాల్లకు మా నాయిన బుక్కంత కత్తిరిచ్చిండు. కాలర్లు, జేబులు, చేతులు. నమూనలు అన్నట్టు, గుడ్డ మీద పెట్టి గీసుకునేటియి. కాలవెడ్తె పొగ చూసి అడుగుతరు గని, దర్జీ కాయితం కత్తిరిస్తె ఎవలడుగుతరు? పటేలు అడిగిండు. చెంపల మీద గుంజి గుంజి కొట్టి అడిగిండు. "బుక్కు నిండింది దొరా, నమూనలు కోసిన" అనుడే గని మా నాయిన ఇంకో మాట అనలె. లాగు తడిసింది, నేను కండ్లార చూసిన.

గా దసరకు ఊరు మొత్తం ఆగం. కొల్తలు లేవు గద, అందాజ మీద కుట్టిండు. పటేలు అంగీ మోకాళ్ళ దాంక, ఆయిన కొడుకు అంగీల బొడ్డు కనవడ్తుండె. జనం తిట్టిన తిట్లు ఇంక యాదికున్నయ్, నీకు చెప్పేటియి కావు.

చిచ్చా బతికిండు. గదే బల్ల మీద కూసొని ఇంకో ముప్పై ఏండ్లు కాజాలు కుట్టిండు. ఇద్దరు కలిసి చాయ్ తాగుడు, గిరాకీలను తిట్టుడే గని, గా ముచ్చట ఒక్కనాడు తియ్యలె.

ఇగో, గీ ముక్క చూడు. వీపు నమూన, పెద్దగుంది. జల్ది జల్ది కోస్తుంటె మిగిలిపోయింది. చదువు. "మౌలా, ఖాకీ, నడుము నలబై." పేరు మొత్తం ఉన్నది. జేబులు, కాలర్లు మ్యూజియముకు ఇయ్యి, చూసి మురువనియ్యి. గిది ఇయ్యను. అద్దాల పెట్టెల పెట్టి లైటేస్తరు. రేపు షాహీన్ నీ ఎంబడి చూడనీకొస్తది. ముత్తాత పేరు కింద రజాకార్ అని రాసుంటది. ఇల్లు కాలవెడ్తమన్నది రాస్తరా? లాగు జారింది రాస్తరా? మా నాయిన చెంపలు వాచింది గా పేరు ఎవ్వలు చదవొద్దనే.

నువ్వు చదివినవ్, సాలు. స్టవ్ అంటివెట్టు బిడ్డా, గీ ముక్కను గిప్పుడన్న కాలవెడ్త. ఎన్కనే చాయ్ సుత పెట్టు. సల్లగుండు.