హన్మయ్య ఆపిన గొడ్డలి

నాచారం ఫ్యాక్టరీల్లో మొదటి షిఫ్టు రెండింటికి వదులుతారు. ఆ శనివారం షిఫ్టు వదిలినా దయాకర్ ఇంటికి పోలేదు. తిన్నగా వచ్చి పోశయ్య చాయ్ కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డాడు. ఇంటికి పోతే బిడ్డకు జవాబు చెప్పాలి.

బిడ్డ పేరు మానస. తొమ్మిదో తరగతి. ఉప్పల్‌లో కొత్తగా పడ్డ యాక్షన్ సినిమాకు రేపు మ్యాట్నీకి పోతానని, తన క్లాసు పిల్ల సిరి కూడా వస్తుందని, సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పమని పొద్దున్నే అడిగింది. ఆ సినిమా పోస్టరు చాయ్ కొట్టుకు ఎదురు గోడ మీదే ఉంది. హీరో చేతిలో గొడ్డలి, గొడ్డలి కొసన నెత్తురు, వెనకాల గాల్లో తలకిందులైన రెండు జీపులు.

వద్దంటే ఒక గోల, సరేనంటే ఇంకో గోల. పోయిన ఏడాది ఇట్లాంటి సినిమాకే దయాకర్ తానే వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. అందులో ఒక పిల్ల చూస్తుండగా ఆమె తండ్రిని నరికేస్తారు. మానస ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. వారం దినాలు అతను డ్యూటీకి బయల్దేరితే గేటు దాకా వచ్చి, సందు మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది. "పిల్లకు ఏం చూపియ్యాలెనో తెల్వదా నీకు?" అని భార్య సంతోషి అప్పుడు అతన్ని కడిగేసింది.

సిరి తండ్రి గంగాధరరావుదీ అదే అవస్థ. ఆయన ప్రభుత్వ పరిశోధనా సంస్థలో ఇంజనీరు, కాకినాడ వైపు మనిషి. ఏ సంగతైనా కాగితం మీద పెట్టి చూసుకుంటే తప్ప ఆయనకు తెగదు. దయాకర్‌ని వెతుక్కుంటూ స్కూటర్ మీద వచ్చి, పక్కనే కూర్చుని పోస్టరు మూలకు చెయ్యి చూపించాడు.

"అక్కడ యూ ఏ అని వేశారు చూశారా? అంటే పెద్దవాళ్లు ఆలోచించుకుని పంపాలని అండీ. ఏం ఆలోచించాలో మాత్రం వెయ్యలేదు."

"అది నన్నడగాలె సారూ," అన్నాడు ఎదురు బల్ల మీద నుంచి హన్మయ్య.

హన్మయ్య ఉప్పల్లో ఒక పాత సినిమా హాలు గేటు కాడ ఇరవై ఏళ్లు టికెట్లు చింపిన మనిషి. హాలు మూతపడి రెండేళ్లయింది. గేటు పని పోయింది గాని నోటి పని పోలేదు. రోజూ పోశయ్య కొట్టు కాడ మ్యాట్నీ టైముకు మొదలుపెడితే, ఫస్ట్ షో టైము దాకా ఆయన ఆట నడుస్తూనే ఉంటుంది. ఆయన గొంతు సవరించుకోవడం చూసి పోశయ్య గిన్నెలో ఇంకో చెంబెడు పాలు పోశాడు.

"మొదలు సంగతి చిన్నది," అన్నాడు హన్మయ్య. "ఒకదినం మౌలాలి నుంచి రైల్వే సారు ఒకాయన ఇద్దరు పిల్లల్ని తోల్కొని వచ్చిండు. నేను టికెట్ చింపలే. సారూ, దీంట్ల కొట్టుడు జర ఎక్కువున్నది, వచ్చే వారం మంచి నవ్వుల సినిమా పడ్తది, గప్పుడు రాన్రి అన్న. గాయన మళ్లిపోయిండు. వారానికి మళ్ల వచ్చి, హన్మయ్యా, నీ మాట ఇని మంచి పని జేసిన అని నా చెయ్యి పట్టుకున్నడు. గంతే, నేను జేసింది అంతకంటె ఏం లేదు."

ఇది నిజమే అయ్యుంటుందనుకున్నాడు దయాకర్. బల్ల ముందుకు జరుపుకుని కూర్చున్నాడు.

"గా తర్వాత ఏమైందో ఎర్కేనా? గా రైల్వే సారు ఊకుంటడా, కాలనీల నలుగురికి చెప్పిండు, నలుగురు నలభైమందికి చెప్పిన్రు, ఇగ రోజు నా గేటు కాడ తల్లిదండ్రులే. హన్మయ్యా మా పోరిని తోలాల్నా, హన్మయ్యా మా పోరడు చూడొచ్చునా, ఒకటే అడుగుడు. సినిమా చూసి చెప్పే టైము నాకెక్కడిది? గందుకని డబ్బా లేపి చెప్పుడు వెట్టిన. రీళ్ల డబ్బాలు ఆటోల వస్తయి గద, భుజం మీద వెట్టుకుంటె చాలు నాకు. ప్రేమ సినిమా అనుకో, దూదిపింజ లెక్క లేస్తది. ఏడుపు సినిమా అయితే డబ్బా అడుగున చెమ్మ తగుల్తది. కొట్టుడు సినిమా అయితె ఇద్దరు హమాలీలు గావాలె. నెత్తురుకు బరువెక్కువ గద."

"రీలు మీద నెత్తురికి బరువేమిటండీ?" అన్నాడు గంగాధరరావు.

"సారూ, మీరు అంత పెద్ద ఆఫీసుల పని జేస్తరు. మీకు తెల్వకపోతే నేనేం చెప్పాలె?" అన్నాడు హన్మయ్య నొచ్చుకున్నట్టు. "బరువు తెలిసినంక లెక్క తేలిక. ఏడో తరగతి పిల్లకు ఒక్క జీపు లేవొచ్చు. ఎనిమిదికి రెండు. తొమ్మిదికి మూడు జీపులు, ఒక లారీ, గని లారీల మనుషులుండొద్దు. గొడ్డలి మాత్రం పది పాసైనంకనే."

గంగాధరరావు జేబులోంచి పెన్ను తీసి, పెట్రోలు బంకు రశీదు వెనకాల రాసుకోవడం మొదలుపెట్టాడు. నవ్వడానికి రాస్తున్నాడో నిజంగానే రాస్తున్నాడో దయాకర్‌కు తెలియలేదు.

"పదిల ఫెయిలైతె మామా?" అన్నాడు దయాకర్.

"సప్లిమెంటరీ రాసేదాంక కర్ర గూడ చూపియ్యొద్దు," అన్నాడు హన్మయ్య తడుముకోకుండా. "గా తర్వాత ఏమైందో ఎర్కేనా? లైను పెరిగింది. ఉప్పల్ రింగు రోడ్డు కాడ మొదలైతే రామంతాపూర్ టీవీ స్టేషన్ దాంక తల్లిదండ్రులే. మేడిపల్లి బస్సులు కదల్తలేవు. కండక్టర్లు ఇగ హన్మయ్య గేటు, హన్మయ్య గేటు అని ఒక స్టాపే జేసిన్రు. ట్రాఫిక్ పోలీసాయన వచ్చిండు, నన్ను పట్టుకపోతడేమో అనుకున్న. ఆయన టోపీ తీసి, ప్రోగ్రెస్ కార్డు నా చేతుల వెట్టి, మా బిడ్డది గూడ జర చూడు హన్మన్నా అన్నడు."

"ప్రోగ్రెస్ కార్డు ఎందుకు?"

"మార్కులు చూడకుంట జీపులెట్ల చెప్పాలె దయాకరూ? నువ్వొకడివి."

చాయ్ వచ్చింది. హన్మయ్య సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. ఆయన ఆగిన కాసేపట్లో దయాకర్ మళ్లీ పోస్టరు వైపు చూశాడు. రెండు జీపులు, ఒక గొడ్డలి. తన బిడ్డ తొమ్మిది. పిచ్చి లెక్కే అని తెలిసి కూడా మనసులో లెక్క కట్టుకుంటున్నందుకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"ఇగ సినిమాలు తీసేటోళ్లకు భయం వట్టుకున్నది," అని మళ్లీ అందుకున్నాడు హన్మయ్య. "హన్మయ్య వద్దంటె ఉప్పల్ల టికెట్ తెగదు, ఉప్పల్ల తెగకపోతె కాప్రాల తెగదు, కాప్రాల తెగకపోతె ఇగ రాష్ట్రమే లేదు. పన్నెండు కార్లు మా సందులకొచ్చినయి. ముందటి కారు మా ఇంటి కాడుంటె ఎనుకటి కారు మల్లాపూర్ల ఉన్నది. అన్నా, నీ చేతితోటే కోసియ్యి అని డబ్బా నా ముందట వెట్టిన్రు. నేను గడ్డం గీసుకునే బ్లేడు తీసిన. గొడ్డలి లేపిన కాడ కోసిన. మరి కోసిన జాగ ఖాళీ ఉంటదా, వేరే సినిమాల నుంచి పెండ్లి బంతి సీను తెచ్చి అతికిచ్చిన. తెర మీద విలను గొడ్డలి లేపుతడు, లేపంగనే విస్తరి ముందట కూసుండి లడ్డు తింటుంటడు. పబ్లిక్ లేసి ఈలలు. నూరు దినాలాడింది."

పోశయ్య గిన్నె మీదికి వంగి నవ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే షేర్ ఆటో ఒకటి కొట్టు పక్కన ఆగింది. అందులోంచి ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో పెరుగు డబ్బా పట్టుకుని పోశయ్య భార్య దుర్గమ్మ దిగింది. కాప్రాలో చెల్లెలింటికి పోయిన మనిషి, సోమవారం గాని రానన్నది, రెండు రోజుల ముందే తిరిగొచ్చింది. హన్మయ్య రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. దుర్గమ్మ సంచీ కింద పెట్టి, చప్పుడు చెయ్యకుండా ఆయన వెనకాలే నిలబడి వినసాగింది.

"అసలు సంగతి గిప్పుడున్నది," హన్మయ్య గొంతు తగ్గించాడు. "ఒక దసరా నాడు డబ్బా ఆలస్యంగొచ్చింది. లేపి చూసే టైము లేదు, కోసే టైము లేదు. హాలు నిండ పిల్లలు. సినిమా మొదలైంది, అంత మంచిగనే ఉన్నది, ఇంతల విలను ముసలోన్ని చెట్టుకు కట్టిండు, గొడ్డలి లేపిండు. ముందు వరుసల ఒక పసిపిల్ల అమ్మా అన్నది. ఇగ నాకు ఒళ్లు తెల్వలే. చేతుల టార్చిలైటు వట్టుకొని తెర ముందటికి ఉరికిన. విలను మొహం మీద లైటు కొట్టి, ఆగురా అన్న. ఏమైందో ఎర్కేనా?"

"ఏమైందండీ?" గంగాధరరావు పెన్ను ఆగిపోయింది.

"గొడ్డలి ఆగింది. ఆడికాడనే, గాలిల. రీలు తిరుగుతనే ఉన్నది, ఆపరేటర్ చిదంబరం పైనుంచి తల బయటవెట్టి చూస్తండు, గొడ్డలి మాత్రం కదల్తలేదు. హీరో గుర్రం దిగి తెర అంచు కాడికొచ్చి కూసున్నడు. హన్మన్నా, ఏం జెయ్యమంటవ్ అన్నడు. పిల్లలున్నరు నాయినా, వీన్ని కొట్టకుంట పోలీసు స్టేషన్ల అప్పజెప్పు అన్న. ఇద్దరు ఒకటే గుర్రం మీద పోయిన్రు. పోతూపోతూ విలను, అన్నా దూపైతున్నది అన్నడు. తెర పక్క మెట్ల మీదికెల్లి దిగొచ్చి, క్యాంటీన్ల నీళ్లు తాగి, రెండు మిర్చి బజ్జీలు తిని మళ్ల తెరెక్కిండు. అబద్ధమైతె మన దుర్గమ్మనడుగున్రి. గా క్యాంటీన్ల బజ్జీలేసింది ఆమెనే. ఆమె చేతితోనే ఇచ్చింది. ఏం జేద్దాం, ఈడ లేదాయె. ఉంటె మీకు సాక్ష్యం చెప్పేది."

"ఉన్న. చెప్త," అంది దుర్గమ్మ.

హన్మయ్య చేతిలో సాసర్ ఒరిగింది. చాయ్ సగం ధోవతి మీద పడింది. తిరిగి చూసే ధైర్యం చెయ్యలేదు.

"హన్మన్న చెప్పినదాంట్ల టార్చిలైటు ఒకటి నిజం," అంది దుర్గమ్మ నింపాదిగా, బల్ల చివర కూర్చుంటూ. "పన్నెండేండ్లు గా క్యాంటీన్ల బజ్జీలేసిన నేను. ఫైటింగు మ్యూజిక్కు రాంగనే ఈయన తలుపు దగ్గరేసి నా పొయ్యి కాడికొచ్చేటోడు. చెవులల్ల దూది వెట్టుకొని, అయిపోయిందా దుర్గవ్వా, అయిపోయిందా అని నన్నడుగుడు. గా పన్నెండేండ్లల్ల ఒక్క ఫైటు చూడలే. ఒకపారి మిర్చి కోస్తుంటె నా ఏలు తెగింది. గా నెత్తురు చూసి ఈయన పడిపోయిండు. నా ఏలుకు కట్టు కట్టెటోళ్లు లేరు, అందరు ఈయన మొహాన నీళ్లు సల్లుడే."

పోశయ్య ఇంక ఆపుకోలేకపోయాడు. దయాకర్ నవ్వాడు. గంగాధరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. హన్మయ్య ధోవతి దులుపుకుంటూ కూర్చున్నాడు. అందరి నవ్వులూ అయ్యాక, దయాకర్‌కు తన చిక్కు మళ్లీ గుర్తొచ్చింది.

"మామా, కోతలు ఇడువు," అన్నాడు. "నిజంగ అడుగుతున్న. పోయినేడు నా బిడ్డ ఒక సినిమా చూసి వారం దినాలు బెదిరింది. రేపు ఇంకొకటి పోతనంటున్నది. తోలాల్నా వద్దా?"

హన్మయ్య సాసర్ బల్ల మీద పెట్టాడు. ఈసారి ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు.

"నేను ఫైటు చూడలేదన్నది నిజమే. పొయ్యి కాడ కూసుంటె బయటికొచ్చేటోళ్ల మొహాలు కనిపిస్తుండె. కొందరు పిల్లలు ఒకర్నొకరు గుద్దుకుంట, నవ్వుకుంట వస్తరు. వాళ్లకేం గాదు. కొందరు మాట్లాడకుంట వస్తరు, బజ్జీ ఇస్తనన్నా వద్దంటరు. గసొంటి పిల్ల కనవడితె, ఇంటికి తీస్కపో అని తండ్రికి చెప్పేటోణ్ణి. ఇద్దరో ముగ్గురో ఇన్నరు." దయాకర్ వైపు తిరిగి అడిగాడు. "నీ బిడ్డ బెదిరినప్పుడు నువ్వేమన్నవ్?"

"సినిమా అంత అబద్ధం, పండుకో అన్న."

"ఏం చూసి బెదిరినవని అడిగినవా?"

దయాకర్ అడగలేదు. గొడ్డలి చూసే అనుకున్నాడు, ఇంకేముంటుందనుకున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

ఇంటికి పోయేసరికి మానస గడప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అతను చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూర్చున్నాడు.

"పోయినేడు సినిమాకు పోయొచ్చి అన్నం తినలేదు గద బిడ్డా. ఏం చూసి భయపడ్డవ్?"

మానస పెన్ను మూత పెట్టి ఆలోచించింది. "నరికింది చూసి కాదు డాడీ. గా పిల్ల ఉండె గద, వాళ్ల డాడీ చచ్చిపోయినంక ఆమెను మళ్ల చూపియ్యనే లేదు. హీరో పాటకు పోయిండు. ఇప్పుడు చూపిస్తరు, ఇప్పుడు చూపిస్తరు అని నేను అయిపోయేదాంక చూసిన. ఆమె ఏడికి పోయిందో ఎవ్వరు చెప్పలే."

దయాకర్‌కు ఆ సినిమాలో ఫైట్లన్నీ గుర్తున్నాయి. ఆ పిల్ల మొహం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"రేపు నేను గూడ వస్త," అన్నాడు చివరికి. "వరుస కొసకు కూసుందం. వద్దనిపిస్తె లేసొద్దం. ఏం అర్థం గాకపోయినా నన్నడుగు."

"వద్దని నాకనిపిస్తెనా, నీకనిపిస్తెనా?"

"ఎవలికనిపించినా."

మానస అతని జేబులోంచి ఫోన్ తీసుకుని సిరి ఇంటికి చేసింది. దయాకర్ చెప్పులు విప్పుతూ వింటున్నాడు.

"సిరీ, మా డాడీ సరే అన్నడు. ఆయన గూడ వస్తడట," అంటోంది మానస. "మీ డాడీ గూడ సరే అంటె, కొస సీట్లు తియ్యమను. మా డాడీకి జర భయమైతదట."