వేరేవాడు చెయ్యి పెట్టిన బండి

రెండో వరదకి వంతెన కొట్టుకుపోయిన ఏడాది. సైకిళ్లు బాగుచేసే మేస్త్రి ఇల్లు. వంటింటి గడప దగ్గర మొగుడూ పెళ్లామూ.

"ఇన్‌హేలర్ పీల్చావా?"

"పీల్చాను."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూనే. చప్పుడు వినపడలేదూ? తుస్సు, తుస్సు."

"వినపడింది. మరి పీల్చాక పుక్కిలించే గ్లాసు పొడిగా ఉందేం?"

"ఎండకి ఆరిపోయుంటుంది."

"వంటింట్లో ఎండా! ఆ మందు కిటికీకేసి కొట్టావు కదూ?"

"గోడ మీద బల్లి చూడు, ఎంత లావుందో."

"నిన్నేనయ్యా. ఆయాసం నీకా, గోడ మీది బల్లికా?"

"నాకేం ఆయాసం లేదు."

"లేదూ? నిన్న ఒక్క టైరుకి గాలి కొట్టడానికి ఎన్నిసార్లు కూలబడ్డావు? ఇలాగే ఉంటే షాపు మూసుకోవాల్సిందే."

"షాపు మాట ఎత్తకు."

"ఎత్తుతాను. మందెందుకు మానేశావో చెప్పు."

"చెబితే నవ్వుతావు."

"నవ్వను."

"అది పీల్చాక గుండె దడదడలాడిందే. అసలే నాది తిన్నగా కొట్టుకునే గుండె కాదాయె. రెండు కొట్టి ఒకటి మింగుతుంది. ఆ రోజు మాత్రం గొలుసు ఊడిన పెడల్లా గిర్రున తిరిగింది. ఇదే ఆఖరనుకున్నా."

"అయ్యో! ఆ మందిచ్చిన ఛాతీ డాక్టరుతో చెప్పావా?"

"ఏమని చెప్పను?"

"గుండె జబ్బుంది, దానికి మాత్రలు మింగుతున్నానని."

"ఆయన అడగలేదు."

"పోనీ, గుండె డాక్టరుకైనా ఈ ఇన్‌హేలర్ సంగతి..."

"చూడూ, పొయ్యి మీద ఏదో మాడుతోంది."

"పొయ్యి వెలిగించనేలేదు. అంటే ఇద్దరికీ చెప్పలేదా?"

"నీకు తెలీదే. పనివాడి సంగతి పనివాడికే తెలుస్తుంది. వేరే షాపువాడు చెయ్యి పెట్టిన బండి తెస్తే నేనేం చేస్తాను?"

"తిట్టి పంపేస్తావు."

"మరి? వాడు పాడుచేసింది నా నెత్తినెందుకు? డాక్టర్లు మాత్రం మనుషులు కారా? ఈయన ఆయన దగ్గరికి పొమ్మని, ఆయన ఈయన దగ్గరికి పొమ్మంటే, నేనెక్కడికి పోను?"

"ఓరి నా మేస్త్రీ!"

"నవ్వనన్నావు."

"నవ్వు కాదయ్యా, ఏడుపు. ఒకరి సంగతి ఒకరికి తెలిస్తేనే కదా, నీ గుండెకి పడే మందేదో చూసి ఇచ్చేది!"

"అంత ఓపికున్న పనివాళ్లు లేరే. ఒకడు విప్పింది ఇంకొకడు బిగిస్తే నిలవదు. నా సైకిలే చూడు. జ్వరంలో పడేముందు ఒక్కణ్ణే కూర్చుని గొలుసు మార్చాను. వెన్నలా పోతోందా లేదా?"

"పోతోంది."

"అదీ ఒక్క చేతి పనంటే!"

"నువ్వు గొలుసు విప్పి మంచమెక్కావయ్యా."

"ఆఁ?"

"ఒళ్లు తెలీని జ్వరం, నీకేం గుర్తుంటుంది? విప్పింది విప్పినట్టే పడుంటే, నేనే ఎదురు సైకిలు షాపుకి తోసుకెళ్లాను."

"వాడి దగ్గరికా! నా సైకిలా! ... ఏమన్నాడు వాడు?"

"'అన్న ఎంతవరకు చేశాడో చెప్పు వదినా, అక్కణ్ణించి నేను చూసుకుంటా' అన్నాడు."

మర్నాడు పొద్దున మేస్త్రి షాపు తియ్యలేదు. గుండె మాత్రలూ ఇన్‌హేలరూ ఒకే సంచీలో వేసి, ఆ సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని, ఛాతీ డాక్టరు దగ్గరికి బయల్దేరాడు.